చెట్టుకి అటూ ఇటూ

"మీకు రెయిన్‌డీర్లు ఎన్నున్నాయి?"

గొడ్డలితో మంచుగడ్డ పగలగొడుతున్న యోవ్నాకు ఒళ్లు మండిపోయింది.

ఉత్తర ధ్రువం దాపున మందలు కాచుకునే సామీ తెగవాళ్లను ఎవరైనా ఆ మాట అడుగుతారా? జేబులో చెయ్యి పెట్టి చూడటం ఎంతో ఇదీ అంతే.

అసలే జనవరిలో వాన పడింది. అది గడ్డకట్టి నేలంతా గాజుపలకలా బిగుసుకుంది. కింద మంద మేసే తెల్లనాచు ఉంది. మంద గిట్టలు చితికేలా తవ్వినా అందదు. చూడివి ఒక్కొక్కటే కూలిపోతున్నాయి.

"చెట్టుకి అటు నాలుగు, ఇటు నాలుగు" అన్నాడు.

ఆ ప్రశ్నకు తాతల నాటి నుంచీ వాళ్లు చెప్పే జవాబు అదే. తెలిసినవాళ్లు నవ్వి ఊరుకుంటారు.

"అంటే ఎనిమిదా?" అంది ఆ ప్రశ్న వేసిన కొత్తావిడ.

యోవ్నా అక్క రిస్టిన్ పగలబడి నవ్వింది. "అబ్బో, లెక్కలు బాగానే వచ్చు నీకు!"

"నిజంగా ఎనిమిదేనా? కాస్త ఆలోచించి చెప్పండి."

"సర్కారు తరఫున మందలు తగ్గించుకోమని చెప్పడానికేగా వచ్చావు? ఆ వాన మేం కురిపించలేదని మీ ఆఫీసు వాళ్లతో చెప్పు తల్లీ!"

"నాది ఆఫీసు కాదండీ..."

"మరి లెక్కెందుకు? దిష్టి పెట్టడానికా?"

ఆమె ఏదో చెప్పబోయింది. రిస్టిన్ కుక్కల్ని ఉసిగొల్పింది.

ఆ ఎనిమిది సంగతి చెప్పుకుని చుట్టుపక్కల వాళ్లంతా రెండ్రోజులు నవ్వుకున్నారు.

మూడోనాడు లారీ వచ్చింది. డ్రైవరు ఎనిమిది బస్తాలు దించాడు.

యోవ్నా ఒకటి విప్పాడు. నిండా తెల్లనాచు. మంద ఒక్కసారిగా కంచె మీద పడింది.

"ఇంతేనా?"

"తలకో బస్తా. మీకు ఎనిమిదే అన్నారటగా?"

కంచె నిండా కదులుతున్న తలల్ని డ్రైవరు తేరిపార చూశాడు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి యోవ్నా తన మంద లెక్క నలుగురిలో గొంతెత్తి చెప్పాడు.

"ఇప్పుడు చెప్తే ఏం లాభం? పై లోయవాళ్లు సిగ్గు విడిచి ఆవిడ అడిగినప్పుడే చెప్పారు. మిగతాదంతా వాళ్లకి దించేశాను. లారీ ఖాళీ."

"ఆవిణ్ణి మళ్లీ పంపమని అడుగు బాబూ, కాళ్లు పట్టుకుంటాం" అంది రిస్టిన్. "ఏ కంపెనీ ఆవిడది?"

"కంపెనీయా!" డ్రైవరు లారీ ఎక్కాడు. "మా దక్షిణాదిన అడవుల్లో ఈ నాచే ఏరి, శవపేటికల మీద దండలు కట్టేవాళ్లకు అమ్ముకుంటుంది. ఈ ఏడాది తన తిండి మీ మందలకు పెట్టేసింది."