ఎడమ భుజం

అసలు ఒక్క కడుపున పుట్టి ఏం లాభం, అనుకుంటున్నాడు టైలరు, ఏదీ కలవనప్పుడు.

చెల్లెలి ఎముకల్లో మూలుగ పాడైంది. రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఎవరో ఒకరు ఇవ్వాలి. తోడబుట్టినవాడివి, నీ కణాలే కలుస్తాయి అన్నారంతా. తీరా పరీక్ష చేస్తే సున్నా.

"అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తుంది. మీ చెల్లికి వచ్చిన సగాలు మీకు రాలేదు, అంతే" అంది డాక్టరమ్మ.

అంతేనట. ఎంత తేలిగ్గా అనేసిందో.

బాబాయి కొడుకుల్లో పెద్దవాడు, వెన్నులోంచి మూలుగ తోడేస్తారని ఎవరో చెబితే ఫోనెత్తడం మానేశాడు. చిన్నవాడికి పెళ్ళాం ఒప్పుకోలేదు. వాళ్ళ మీద కోపం. డాక్టరమ్మ మీద కోపం. నాన్న మీదైతే ఎప్పటిదో కోపం. ఆయన పోయిన రోజు ఆయన రెండో సంసారం తాలూకు ఆవిడ కడసారి చూసిపోతానని వస్తే, ఆవిడ మొహం మీద, ఆవిడ వెనక నిలబడ్డ కొడుకు మొహం మీద తలుపు వేసింది తనే. అది గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో మాత్రం తెలియదు.

చివరికి, సగం కలిసిన దాత దొరికాడంది చెల్లెలు.

"ఎవరే?"

"చెప్పకూడదట అన్నయ్యా. పెట్టెలో పంపిస్తారు."

ఆ పెట్టె కోసమే పొద్దున్నించీ రక్తనిధి వరండాలో కాపలా కాస్తున్నాడు. ఎదురుగా ఒకడు రెండు కుర్చీల మీద పరుచుకుని, కాళ్ళు దారికి అడ్డంగా చాపుకుని ఉన్నాడు.

"కాళ్ళు తియ్యవయ్యా."

"తీస్తానండీ. కొంచెం టైం పడుతుంది."

"కాళ్ళు ముడవడానికి ముహూర్తం చూడాలా?"

అతను నవ్వబోయి, నడుం పట్టుకుని ఆగిపోయాడు. "ఒళ్ళు పచ్చడైపోయిందండీ. ఎముక ఎముకా లాగేస్తోంది."

"రాత్రి ఎక్కడ పడ్డావేం?"

"పడలేదండీ. రోజూ సూదులు పొడుస్తున్నారు."

"నొప్పులుంటే ఇంట్లో పడుకో. ఇప్పుడిక్కడికి పెట్టె వస్తుంది. మా చెల్లెలి ప్రాణం అందులో ఉంది. తెచ్చేవాడు నీ కాళ్ళకి తట్టుకుని పడ్డాడో, నిన్ను ఇక్కడే పాతేస్తాను."

"పడడు లెండి."

"నువ్వు చూసొచ్చావా?"

అతను కాళ్ళు ఒక్కొక్కటే వెనక్కి లాక్కున్నాడు. గోడలకు రంగులు వేసేవాడు కాబోలు, గోళ్ళ చుట్టూ నీలం ఎండిపోయి ఉంది.

"ఆవిడకి ఎలా ఉందండీ?"

"ఎలా ఉంటుంది? అద్దాల గదిలో పెట్టారు. ఉన్న మూలుగంతా మందులతో చంపేశారు. ఇక ఆ కణాలు ఎక్కకపోతే మనిషి దక్కదు."

"ఎక్కుతాయండీ."

"నీ నోటిమాట ఎవడికి కావాలి? మాటలు చెప్పడానికి మాకు బోలెడు మంది చుట్టాలున్నారు. రక్తసంబంధమట. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు చెయ్యి చాపలేదు."

అతను గోళ్ళ చుట్టూ ఉన్న రంగు గీక్కుంటూ కూర్చున్నాడు.

నర్సు తలుపు తీసి పిలిచింది. అతను గోడ పట్టుకుని లేచి, మెల్లగా లోపలికి నడిచాడు. టైలరు కళ్ళు అలవాటుగా వీపు మీదికి పోయాయి. చొక్కా ఎడమ పక్కకి జారుతోంది. ఆ భుజం అర అంగుళం దిగి ఉంది. లోపల చిన్న మెత్త పెట్టి కుడితే సరిపోతుంది. చెల్లెలి జాకెట్లకు పెట్టినట్టు.

తన భుజాలు మాత్రం సమంగా ఉంటాయి. అమ్మ పోలిక.

ఆ ఆలోచనను అక్కడితో ఆపేసి, మళ్ళీ లిఫ్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. పెట్టె రాలేదు. నర్సు బయటికి వచ్చింది.

"అతని తాలూకు ఎవరూ లేరా?"

"ఎవరి తాలూకు?"

"మీ చెల్లెలికి కణాలిచ్చే అతనండీ. కణాలు పెరగడానికి రోజూ ఇచ్చిన సూదులకే అతనికి ఆ ఒళ్ళునొప్పులు. ఒక చేతిలోంచి రక్తం తీసి, మిషన్లో కణాలు వేరు చేసి, మిగతాది రెండో చేతిలోకి ఎక్కిస్తున్నాం. రెండు చేతులూ కదపకూడదు. ముక్కు దురద పెట్టినా గోక్కోలేడు. ఎవరైనా పక్కన కూర్చుంటే బాగుండు."

"పెట్టెలో వస్తాయన్నారు..."

"పెట్టెలో మనిషెలా పడతాడండీ?"

లోపలికి వెళ్ళాడు. రెండు చేతులకూ గొట్టాలతో అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మిషను గుర్రుమంటోంది.

"నువ్వేనని ముందే చెప్పి ఏడవచ్చుగా?"

"చెప్పొద్దని అక్క అంది. మీకు తెలిస్తే వద్దంటారని."

ఏ అక్క అని టైలరు అడగలేదు. నేనెందుకు వద్దంటాను అని నోటిదాకా వచ్చింది. వద్దనేవాడే. తలుపు వేసినవాడు వద్దనకుండా ఉంటాడా? కోపం ఇంకా తగ్గలేదు. ఈసారి ఎవరి మీదో తెలుస్తోంది.

"ఎక్కడ నొప్పి?" కసిరినట్టే అడిగాడు.

"ఈ ఎడమ పక్కండీ. భుజం పరుపుకి ఆనడం లేదు."

టైలరు జేబులోంచి రుమాలు తీశాడు. మడిచి, మళ్ళీ మడిచి, అరచేత్తో నొక్కి, నాన్న ఉన్నన్నాళ్ళూ ఆయన చొక్కాల్లో మెత్త పెట్టి కుట్టిన చోటే, ఆ భుజం కింద పెట్టాడు.