కాలి కడియం అడిగిన రంగు

ఆ రోజుల్లో మందుబిళ్ళ మింగే మనిషే లేడు. కాలికి తొడిగిన కడియమే మందు కొలిచి ఒంట్లోకి వదిలేది. కుర్చీలో కూర్చుంటే చాలు, చీమల పుట్టలో పెట్టినట్టు ఊళ్ళో సగం మందికి కాళ్ళు జివ్వుమని ఎగిరే జబ్బు మరి!

నేతగాడు నాంచారయ్యకు మాత్రం మందే ఎదురుతిరిగింది. సాయంత్రం రావలసిన జివజివ పొద్దున్నే తయారు. అందుకని డాక్టరమ్మ మూడు నెలలుగా మందు తగ్గించుకుంటూ వచ్చింది. ఇవాళ దీపాలవేళకు కడియం ఊడాలి. ఈలోగా కాలు పదిసార్లు ఎగిరిందా, మళ్ళీ మొదటి మోతాదే. పనిలో కదిలిన కాలు మాత్రం లెక్కకు రాదు.

“తొమ్మిది, బాబాయిగారూ,” అంది కడియం.

నాంచారయ్య కాలు మళ్ళీ జివ్వుమంది. ఇక ఆగలేక, పడుగు దారాలైనా ఎక్కించని గుంటమగ్గంలోకి దిగి టకటకా చెక్కలు తొక్కసాగాడు.

“ఇది జబ్బా, పనా? ఇంట్లోవాళ్ళు చెప్పాలి,” అంది కడియం.

గుమ్మంలో ఉన్న భార్య తులశమ్మ అందుకుంది. “పనే. నాకు చీర నేస్తన్నాడు.”

“ఏ రంగు, పిన్నిగారూ?”

నలభై ఏళ్ళ కాపురంలో మొగుడు నేసిన చీర ఒక్కటీ తులశమ్మ కట్టి ఎరగదు.

“నెమలికంఠం,” అంది. “ఎర్రంచు.”

వీధి దీపాలు వెలిగాయి. కడియం టక్కుమని ఊడి గుంటలో పడింది.

“ఓసి నీ అసాధ్యం కూలా! ఎంత అబద్ధం ఆడావే!” అన్నాడు నాంచారయ్య.

“అబద్ధం ఎట్టా అవుద్ది మావా? రేపు పడుగెక్కించు. లేదంటే డాక్టరమ్మకి నేనే చెప్తా.”