మూడో గిన్నె

బెల్జియంలోని మా గేల్ ఊళ్లో మతి చెదిరినవాళ్లను ఇంటిమనుషుల్లా దగ్గర పెట్టుకోవడం తరాలనాటి ఆచారం. గోడెలీవ్ ఇంట్లో యోస్ట్ అలా ఉంటున్నవాడే.

నయమైనవాళ్లు ఇక విడిగా బతకాలని ప్రభుత్వం కొత్త పద్ధతి పెట్టింది. యోస్ట్ ఎలా ఉన్నాడో చూడటానికి నర్సుగా నేను వెళ్లాను. ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే, బల్ల మీద మాత్రం సూపు పోసిన గిన్నెలు మూడున్నాయి.

"ఆ కుర్చీలో కూర్చోకమ్మా. చనిపోయిన మా పాప అక్కడ కూర్చుందంటాడు వీడు" అంది గోడెలీవ్. యోస్ట్ తలూపాడు.

అతనికింకా నయం కాలేదనుకుని బయల్దేరాను.

అతను వీధి గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించాడు. "నాకెప్పుడో తగ్గిపోయింది సిస్టర్. ఆ పాప నాకెన్నడూ కనబడలేదు. నేను వెళ్లిపోతే అమ్మ ఎవరి వంక పెట్టుకుని పాపకి ఆ గిన్నె పెడుతుంది?"

లోపల ఇంకెవరూ లేరు. గోడెలీవ్ గొంతు మాత్రం మెల్లగా వినిపిస్తోంది.

"ఊదుకుని తాగు తల్లీ, నోరు కాలుతుంది."