టీచర్ కొనిపించిన షేరు

“ఇదేం షేరు టీచర్? చచ్చిన చేపలా కదలదు, మెదలదు,” అన్నాడు టాక్సీ నడిపే రొస్లాన్.

గదిలో అందరూ నవ్వారు. తోవా పాయో పేటలో ఒక ఫ్లాట్ల బ్లాకు కింద, శనివారం పొద్దుటి క్లాసు అది. పెట్టుబడుల సంగతి అక్షరం ముక్క తెలియనివాళ్లకు ఉచితంగా చెబుతారు. వచ్చేది టాక్సీ డ్రైవర్లు, నూడుల్స్ అమ్మేవాళ్లు, ఆఫీసులు ఊడ్చేవాళ్లు. చెప్పేది సియూ ఎంగ్. లాయరు ఆఫీసులో ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసి రిటైరైంది.

“నేర్చుకునేవాడికి కదలని బండే మేలు. పడినా మోకాలు పగలదు,” అంది ఆమె.

ఆమె పాఠం ఎప్పుడూ మారలేదు. అప్పు చేసి కొనొద్దు. ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో వేసుకున్నాకే షేర్ల వైపు చూడు. ఉన్నదంతా ఒకే కంపెనీలో పొయ్యకు. ఎవడైనా తొందరపెడితే లేచి వచ్చెయ్.

అన్నిటికంటే ముందు మాత్రం, క్లాసులో చేరిన ప్రతి ఒక్కరూ లియోంగ్ తెక్ బిస్కెట్ కంపెనీ షేర్లు ఒక లాట్, అంటే వంద, కొని తీరాలి. ఎవరి డబ్బుతో వాళ్లు, ఎవరి పేరున వాళ్లు.

“నలభై డాలర్ల షేర్లకి బ్రోకరుకి ఇరవై ఐదు డాలర్లా! ఇదెక్కడి చదువు?” అంది చేప ఉండల నూడుల్స్ అమ్మే ఆహ్ ముయ్. “నాకూ మా ఆయనకీ కలిపి ఒకటి చాలదూ?”

“చాలదు. రేపు మీ ఇద్దరికీ పడకపోతే? ఆయనది ఆయనకి, నీది నీకు.”

“ఇప్పుడు మాత్రం పడిందెక్కడ?” అంది ఆహ్ ముయ్ మొగుడి వైపు చూస్తూ. మళ్లీ నవ్వులు.

ఆ బిస్కెట్ కంపెనీ మొదలుపెట్టింది ఇద్దరు. ఆమె భర్త బూన్ తెక్, అతని స్నేహితుడు క్వెక్ హాన్ లియోంగ్. కంపెనీని షేర్ మార్కెట్లోకి తెచ్చేముందు క్వెక్ కొన్ని ఇంగ్లీషు కాగితాలు పట్టుకొచ్చాడు. బూన్ తెక్‌కు ఇంగ్లీషు రాదు. పెళ్లానికి చూపిస్తే స్నేహితుణ్ణి అనుమానించినట్టు ఉంటుందని అక్కడికక్కడే సంతకం పెట్టాడు. నెల తిరక్కుండా గేటు బయట ఉన్నాడు. రెండేళ్లకు పోయాడు.

చావుకి క్వెక్ రాలేదు. రెండు డబ్బాల బిస్కెట్లు పంపాడు. సియూ ఎంగ్ వాటిని కాకులకు కూడా వేయలేదు.

ఈ కథ క్లాసులో అందరికీ తెలుసు. మొగుడు కట్టిన కంపెనీ మీద మమకారం చావక కొనిపిస్తోందనుకునేవాళ్లు. ఆమె కాదనలేదు.

పదకొండేళ్లు గడిచాయి.

ఆ ఏడు క్వెక్ ఒక ప్రకటన చేశాడు. బయటివాళ్ల షేర్లన్నీ తానే కొనేసి, కంపెనీ మొత్తం తన సొంతం చేసుకుంటాడట. షేరుకి యాభై సెంట్లు ఇస్తాడట. ఫ్యాక్టరీ స్థలం ఒక్కటి అమ్మినా షేరుకి డాలరున్నర పలుకుతుంది. ఆ స్థలం ఇస్తానని బిల్డరు దగ్గర అడ్వాన్సు కూడా పుచ్చుకున్నాడు. ఇక మీటింగులో ఓటు గెలిస్తే చాలు, ఇష్టం లేనివాళ్ల షేర్లు కూడా అతని చేతికొస్తాయి.

సియూ ఎంగ్ పాత క్లాసుల వాళ్లందరికీ ఫోన్లు చేసింది.

“యాభై సెంట్లకి ఇచ్చెయ్యాలని ఉంటే ఇంట్లో కూర్చో. లేదంటే రా.”

మీటింగు రోజు హోటల్ హాల్లో కుర్చీలు చాలలేదు. క్వెక్ తలుపు దగ్గరే ఎదురొచ్చాడు.

“ఓహో, వదినా! వీళ్లంతా నీ జనమా? కరీపఫ్‌ల కోసం వచ్చారనుకున్నా.”

“ఉన్నాయా?”

“బోలెడు. తినే వెళ్లండి.” అతను గొంతు తగ్గించాడు. “కొనేవాణ్ణి కాబట్టి నా షేర్లకి ఇవాళ ఓటు లేదు, నిజమే. కానీ మిగతావాటిలో తొంభై పాళ్లు రెండు పెద్ద ఫండ్లవి. వాళ్ల చేత ముందే ఊ అనిపించాను. నీ జనం షేర్లన్నీ పోగేసినా ఒక్క శాతం కావు. పాపం, ఎందుకు తిప్పావు వీళ్లని?”

“బూన్ తెక్ ఉంటే ఆయనే వచ్చేవాడు. లేడుగా, నేనొచ్చాను.”

“వాడు మంచివాడు వదినా. మంచివాడికి వ్యాపారమెందుకు చెప్పు?”

ఆమె వెళ్లి ముందు వరుసలో కూర్చుంది. ఓట్లు పడ్డాయి. రొస్లాన్ వెనక నుంచి వంగాడు.

“ఓడిపోతున్నాం కదా టీచర్? టాక్సీ తిప్పకపోయినా ఇవాళ్టి బండి అద్దె నా నెత్తినే పడింది.”

“ఓటేశావా?”

“వేశా. వద్దనే వేశా.”

“అయితే వెళ్లి కరీపఫ్ తిను.”

ఓట్ల అధికారి మైకు అందుకున్నాడు. షేర్ల లెక్కన ఒప్పుకున్నవి తొంభై ఎనిమిది శాతం. వేదిక మీద చప్పట్లు మోగాయి. క్వెక్ లేచి ఫండ్ల వాళ్లకు చెయ్యి కలిపాడు. సియూ ఎంగ్ వైపు తిరిగి జాలిగా తలాడించాడు. అతని లాయరు ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. హాలు ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తూ నుదురు తుడుచుకుంటున్నాడు.

“ఇంకో లెక్క ఉంది, కూర్చోండి సార్,” అన్నాడు అధికారి కాగితం తిప్పుతూ, “చట్టం షేర్లతోపాటు మనుషుల్నీ లెక్కపెట్టమంటుంది, రెండిట్లోనూ గెలిస్తేనే గెలిచినట్టు, వందున్నా కోటున్నా మనిషికి ఒక్కటే లెక్క: ఒప్పుకున్నవాళ్లు నలభై ఒక్కమంది, వద్దన్నవాళ్లు మూడు వందల ఆరుగురు.”