ముగ్గురని చెప్పారు, బరువు చెప్పలేదు

"ముగ్గురూ ఎక్కితే విమానం లేవదు శెట్టిగారూ, ఒకరు దిగాలి," అన్నాడు మద్రాసు పైలట్.

ఆదోనిలో విమానం దిగడానికి గుట్టలు అడ్డమని, ఎమ్మిగనూరు బయట కంపచెట్లు కొట్టించి చదును చేయించిన బీడు అది. ఆదోని పత్తి వ్యాపారి విరూపాక్షి శెట్టి పూలదండ వేసుకుని, ఫొటోగ్రాఫరు ఎదుట నిలబడి ఉన్నాడు. భార్య చెన్నమ్మకు కడుపులో గడ్డ. రైలు కుదుపులకు తట్టుకోలేదని డాక్టరు అనడంతో, నర్సును తోడు పెట్టుకుని ఆపరేషనుకు మద్రాసు తీసుకుపోవడానికి విమానం బాడుగకు పిలిపించాడు.

"ముగ్గురమని ముందే సెప్పింటి కదప్పా!"

"ముగ్గురని చెప్పారు. బరువెంతో చెప్పలేదు."

శెట్టి తన బొజ్జ వైపు చూసుకున్నాడు. పత్తి బస్తాను కాలితో తన్ని బరువు చెప్పగల మొనగాడికి ఆ బొజ్జ ఏనాడూ లెక్కలోకి రాలేదు. అయినా నర్సు వైపే తిరిగాడు.

"సువార్తమ్మా, నువ్వు రైలుకు రామ్మా."

విమానం లోపల పడుకున్న చెన్నమ్మ నీరసంగా అడిగింది. "మద్దెలో నొప్పి లేస్తే సూది మీరేస్తారా?"

ఊరంతా చాటుకున్న ఈ ప్రయాణంలో అక్కరలేని మనిషి తానేనని శెట్టికి అప్పుడు తెలిసింది. దండ తీసేసి, సువార్తమ్మకు చెయ్యి అందించి ఎక్కించాడు.

"పైలట్ సామీ, పెద్ద బస్తా దించేసినాం. ఇంగ నిదానంగా పో."

కడుపు పట్టుకుని చెన్నమ్మ నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు.

విమానం కనుమరుగయ్యేదాకా శెట్టి దుమ్ములోనే నిలబడ్డాడు. తర్వాత కళ్లు తుడుచుకుంటూ కారెక్కాడు.

"ఆదోని టేసనుకు పోనీయప్పా. రైలు ఎంత లావు మనిసినైనా మోస్తాది."