షుగర్ సూదులు

ఆ పొద్దున ఆకాశం వాన పడేటట్టూ ఉంది, పడనట్టూ ఉంది. సోనీ గొడుగు పట్టుకుంది. భాగ్యశ్రీ వద్దంది. ఆమె భర్త ప్రేమ్‌రాజ్ ఆటో ఆపాడు. ధూల్‌పేటలో ఆటో ఎక్కి ముగ్గురూ సంతానం కోసం వైద్యం చేసే దవాఖానకు పోయారు.

భాగ్యశ్రీకి ఇంకో బిడ్డ కావాలి. మొదటి కాన్పు తేలిగ్గానే అయింది. తర్వాత ఏళ్లు గడిచాయి గాని రెండోది నిలవలేదు. ఆమె ఇంట్లో కూర్చుని లక్క గాజులకు రాళ్లు అద్దుతుంది. లాడ్ బజార్ దుకాణం వాళ్లు చంటిపిల్లల గాజులు పంపిన రోజున పని తెమిలేది కాదు. చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయేది.

దవాఖాన హాల్లో కుర్చీలన్నీ నిండాయి. నర్సు నేరుగా సోనీకి ఫారం ఇచ్చి బరువు చూసుకోమంది. పేషెంటు తను కాదని సోనీ చెప్పాల్సి వచ్చింది. "అక్కా, నువ్వు పో" అని భాగ్యశ్రీని లేపింది. అది విని పక్క కుర్చీలో ఒకామె ముచ్చటపడింది.

"అక్క కోసం గింత తిరిగే చెల్లెను నేనైతే చూడలే" అంది.

సోనీ నవ్వి ఊరుకుంది. భాగ్యశ్రీ వచ్చి సోనీ తొడ గిల్లి, గోడ మీది పసిపాపల బొమ్మలు చూస్తూ కూర్చుంది.

లోపల డాక్టరమ్మ మొదటి బిడ్డ వయసు అడిగింది. భాగ్యశ్రీ గొంతు తగ్గించి చెప్పింది. డాక్టరమ్మ రాసుకోబోయి, ఒకసారి తలెత్తి చూసింది.

"ఆ అమ్మాయి ఏమంటుంది మరి?"

భాగ్యశ్రీ చూపు నేల మీదికి పోయింది. సోనీయే అందుకుంది.

"గామెదే లొల్లి మేడమ్. తమ్ముడో చెల్లెనో కావాల్నని రోజూ పానం తింటది."

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వింది.

ప్రేమ్‌రాజ్ బస్సు డిపోలో మెకానిక్. ఎంత పాడైన ఇంజనైనా విప్పి బిగిస్తాడు. నర్సు పరీక్షకని చిన్న సీసా చేతికివ్వబోతే మాత్రం చెవుల దాకా ఎర్రబడ్డాడు. ముందు సోనీని కిందికి పోయి చాయ్ తెమ్మన్నాడు. ఆమె మెట్లు దిగిపోయాకే సీసా అందుకున్నాడు.

సూదులు పదకొండు రోజులు. చల్లగా ఉంచాలి. వీళ్ల ఫ్రిజ్ చెడిపోయి ఏడాదైంది, అందులో ఉల్లిగడ్డలు పోసుకుంటున్నారు. అందుకని పక్కింటి రహీమా ఫ్రిజ్‌లో పెట్టించారు. షుగర్ మందని చెప్పారు. ఈ వయసులో ఇంకో కాన్పు కోసమని తెలిస్తే గల్లీ అంతా నవ్వుతుందని భాగ్యశ్రీ భయం.

రహీమా మంచిది. చిక్కంతా అక్కడే వచ్చింది. మర్నాటి నుంచి పూటకో గిన్నె కాకరకాయ కూర పంపడం మొదలుపెట్టింది. తన ఇంట్లో షీర్ ఖుర్మా చేసినా వాసన ఇటు రాకుండా కిటికీ మూసింది. భాగ్యశ్రీకి తీపి అంటే ప్రాణం. కళ్లనీళ్లు పెట్టుకుని కాకరకాయ తినేది. సోనీ గిన్నె కడిగిచ్చి, "మస్తున్నదంట ఖాలా" అని చెప్పొచ్చేది. మర్నాడు ఇంకా పెద్ద గిన్నె వచ్చేది.

సూది వేయడం సోనీ నర్సు దగ్గర నేర్చుకుంది. మొదటి రోజు సూది పట్టుకుని భాగ్యశ్రీ ముందు కూర్చుంది.

"కండ్లు మూసుకో అక్కా."

భాగ్యశ్రీ మూసుకోలేదు. "నేను సరే. పొడిచేదానివి నువ్వెందుకు మూసుకున్నవే?"

ఇంత చేస్తే చివరికి ఒక్క పిండమే దక్కింది. దాన్ని కడుపులో పెట్టాక డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఈ వయసుకు ఇదే ఎక్కువ, ఇది నిలవకపోతే మళ్లీ రమ్మని చెప్పను అంది. రెండు వారాలకు రక్తపరీక్ష.

ఆ రెండు వారాలు భాగ్యశ్రీని గాజులు ముట్టనివ్వలేదు. సోనీయే కూర్చుని రాళ్లు అద్దింది. వంకరగా ఉన్నాయని సగం తిరిగొచ్చాయి.

రక్తం ఇచ్చి వచ్చిన రోజు ప్రేమ్‌రాజ్ డ్యూటీకి పోలేదు. ఫోన్ చాప మీద పెట్టుకుని చుట్టూ కూర్చున్నారు. దవాఖాన నుంచి తప్ప అందరి నుంచీ ఫోన్లు వచ్చాయి. ఒకరు లోను కావాలా అని అడిగారు.

భాగ్యశ్రీ సోనీ వైపు తిరిగింది.

"నిలవకపోతే?"

సోనీ రాళ్ల డబ్బాకు మూత పెట్టింది.

"నేనున్న గద."



మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది. సోనీ ఎత్తింది. అవతలివాళ్లతో అదే మాట రెండోసారి చెప్పించుకుంది. ఫోన్ కింద పెట్టి చేతులు తుడుచుకుంది.

"నిలిచింది అక్కా" అంది.

ప్రేమ్‌రాజ్ లేచి వంటింట్లోకి పోయాడు. అతనికి వచ్చింది కోడిగుడ్ల పులుసు ఒక్కటే. ఉప్పు మరిచాడు. అన్నం పలుకుగా దిగింది.

ముగ్గురూ మెతుకు మిగల్చకుండా కలిసి తిన్నారు: ప్రేమ్‌రాజ్, భాగ్యశ్రీ, పసితనంలో మేనమామల నోట విన్నట్టే కన్నతల్లిని అక్కా అనడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లొచ్చినా మానని వాళ్ల మొదటి బిడ్డ సోనీ.