ఒకే సిరా

ఏడో నెల కడుపుతో క్లినిక్ బెంచీ మీద కూర్చుని, ఆ అమ్మాయి వారం రోజుల షుగర్ లెక్కలు పుస్తకంలో ఐదు నిమిషాల్లో రాసేసింది.

పరగడుపున తొంభై. తిన్నాక నూట పద్దెనిమిది. మరీ అతికినట్టు ఉండకూడదని మధ్యలో ఒక నూట ముప్ఫై కూడా పడేసింది.

ఏం చేస్తుంది మరి? బట్టల ఫ్యాక్టరీలో పొద్దస్తమానం కాజాలు కుట్టే వేళ్లు. రోజుకి నాలుగుసార్లు సూది పొడుచుకుంటే ఇక గుడ్డ పట్టుకునేదెలా? అంకె ఎక్కువొస్తే ఇన్సులిన్ అంటారు, మంచం దిగొద్దంటారు. నాలుగు నాగాలు పడితే ఆ మిషన్ ముందు ఇంకొకరు కూర్చుంటారు. ఏడవడానికి కూడా ఓపిక లేదు ఆమెకి.

"ఇదంతా ఇప్పుడే రాశావు కదా చెల్లీ?"

ఉలిక్కిపడి తలెత్తింది. ఎదురుగా బొంగరం.

క్లినిక్‌లో టోకెన్లు పిలిచే మనిషి. ముప్ఫై ఏళ్లుంటాయి. కాలు ఒకచోట నిలవదని అందరూ పెట్టిన పేరు. ఏడో నంబరు రెండుసార్లు పిలిచి ఎనిమిది మర్చిపోతుంది. చెవి మీద పెన్ను పెట్టుకుని ఊరంతా వెతుకుతుంది. ఎవరినీ మాట పూర్తి చేయనివ్వదు.

"నీకెందుకు? నీ పని నువ్వు చూసుకో."

"ఒకే సిరా, ఒకే వాలు. నిద్రమొహంతో రాసిన అంకె, పని నుంచి వచ్చి రాసిన అంకె ఒక్కలా ఉంటాయా? దొంగరాతే కదా? చెప్పు, దొంగరాతే కదా?"

"మెల్లగా మాట్లా..."

బొంగరం అప్పటికే డాక్టరు గదిలో ఉంది.

అక్కడికక్కడే వేలు పొడిచారు. రెండు వందల పది.

డాక్టరు తిట్టలేదు. ఇన్సులిన్ రాసింది, వారానికోసారి రమ్మంది.

ఆ అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. తిన్నగా పెద్ద నర్సు బల్ల దగ్గరికెళ్లింది.

"సిస్టర్, పేషెంట్ల పుస్తకాలు చదవడం ఆవిడ పనా?"

"కాదమ్మా."

"నలుగురిలో నా పరువు తీసింది."

పెద్ద నర్సు కళ్లజోడు తీసి తుడుచుకుంది. తర్వాత ఒక తెల్ల కాగితం ముందుకు జరిపింది.

"రాసివ్వు. పైకి పంపుతాను."

కసిదీరా రాసిచ్చింది.

మరుసటి వారం బొంగరం లేదు. పీడ విరగడైందనుకుంది ఆ అమ్మాయి.

మూడేళ్లు గడిచాయి.

అదే క్లినిక్, పై అంతస్తు. కూతురు నేల మీద కూర్చుని దారానికి గుండీలు ఎక్కిస్తోంది. అరగంటైనా తల తిప్పలేదు.

"మాట, ఆట, కుదురు, అన్నీ వయసుకి తగ్గట్టే ఉన్నాయి" అన్నాడు పిల్లల డాక్టరు.

"దీనికి ఇన్ని పరీక్షలెందుకు డాక్టర్?"

"కడుపుతో ఉన్నప్పుడు తల్లికి షుగర్ అదుపు తప్పితే, కొందరు పిల్లల్లో తేడాలు తర్వాతెప్పుడో బయటపడతాయమ్మా. కుదురు లేకపోవడం, మతిమరుపు, చదువు అంటకపోవడం. అందరికీ రావులెండి. మీరు వేళకి మందు మొదలుపెట్టారు, అదే మంచిదయింది."

ఆమె మెట్లన్నీ గబగబా దిగింది, పిల్లని చంకనేసుకుని.

టోకెన్ల దగ్గర ఎవరో కొత్త మనిషి. కుర్చీలోంచి కదలకుండా వరస తప్పకుండా పిలుస్తోంది.

పెద్ద నర్సు అదే బల్ల దగ్గరే ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది.

"సిస్టర్, బొంగరం ఎక్కడుంది? ఒక్కసారి కనబడాలి."

"నీ కాగితంతో పని పోయింది. తర్వాత నాలుగుచోట్ల చేరింది, ఎక్కడా నిలవలేదు. ఇప్పుడెక్కడుందో నాకు కూడా చెప్పదు."

"ఆ కాగితం మీరైనా చింపేయాల్సింది సిస్టర్."

"కాగితం మీద ఒకసారి అబద్ధమాడినదాన్ని. ఇంకోసారి చేతులు రాలేదు."

సొరుగులోంచి ఒక పాత పుస్తకం తీసింది. అట్ట ఊడిపోయింది. తొంభై. నూట పద్దెనిమిది. ఎనభై ఎనిమిది. పేజీ తర్వాత పేజీ, ఒకే సిరా, ఒకే వాలు.

"ఇది దాని సంచిలో ఎప్పుడూ ఉండేది. పోయేటప్పుడు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది."

"బొంగరం రాసిందా?"

"నేను రాశాను. నర్సుని కదా, ఏ అంకె వేస్తే డాక్టరు ఏమీ అడగరో నాకు బాగా తెలుసు."

చంకలో పిల్ల గుండీల దారం పెద్ద నర్సుకి అందించబోయింది.

"ఈ దొంగరాత వల్లే అది అలా అయిందని ఏ డాక్టరూ చెప్పలేదు, కాదనీ ఎవరూ చెప్పలేదు" అంటూ పెద్ద నర్సు ఆ దారం అందుకుంది. "ఈ అంకెలు వేసినప్పుడు నా కడుపులో ఉన్నది బొంగరమేనమ్మా."